ఆఖరి పేజీ

అమీర్‌పేట మెట్రో కింద చాయ్ బండి దగ్గర ఎవరైనా గ్లాసుకు చెంచా తగిలిస్తే ఇప్పటికీ నా గుండె ఝల్లుమంటుంది.

నాన్న పంజాగుట్టలో మా ఎంపీ గారి ఆఫీసులో పనిచేసేవాడు. పార్లమెంటులో ఆయన మాట్లాడే ప్రసంగాలు రాసిచ్చేవాడు. ఆసారి మా బాబాయి పనిచేసే ఫ్యాక్టరీ మూసివేత మీద చర్చ. మూడు నిమిషాలు దాటితే అక్కడ కుర్చీలో ఉన్న సభాపతి గంట కొడతారట. అందుకే నాన్న ఇంట్లో పైకి చదువుతుంటే, గడియారం చూసి స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టడం నా పని.

మూడు నిమిషాలు దాటిపోయాయి. నాన్న ఇంకా చదువుతూనే ఉన్నాడు. మధ్యలో ఆపితే చిన్నబుచ్చుకుంటాడని, ఆఖరి మాట దాకా ఆగి కొట్టాను.

"సరిగ్గ సరిపోయింది బిడ్డా," అన్నాడు.

మర్నాడు బాబాయి మా ఇంట్లోనే టీవీ ముందు కూర్చున్నాడు. ఎంపీ గారు ఆఖరి పేజీ తిప్పుతుండగా గంట మోగింది. మైకు ఆగిపోయింది. ఫ్యాక్టరీ మూయొద్దని అడిగే మాటలన్నీ ఆ పేజీలోనే ఉన్నాయి. బాబాయి చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

"కుర్చీల కూసున్నాయన జర ముందే కొట్టిండు," అని నాన్న ఈరోజుకీ అంటాడు.

ముందు కొట్టలేదని మా ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.