వేళ్లు వెచ్చగా ఉన్నాయని రాశాను

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలంగాణ ఉద్యమం రోజుల్లో గుండెల మీదికెక్కిన బరువొకటి ఇన్నేళ్లయినా దిగలేదు. మా ఆయనకు చెప్పలేదు. గుడికి వెళ్లినా దాని ఊసెత్తకుండా, పిల్లల చదువుల గురించి మాత్రం అడిగి వచ్చేస్తాను. ఒక మనిషి చెయ్యని తప్పు తెచ్చి అతని నెత్తిన పెట్టాను. అతను మోశాడు. నేను చూస్తూ ఊరుకున్నాను.

ఇప్పుడు నేను చేసే పనేమిటో చెబితే మీకు నవ్వొస్తుంది. ఇవాళ ఒక ఆసుపత్రి, వచ్చే నెల ఇంకో ఊళ్లో ఇంకో ఆసుపత్రి అంటూ తిరిగే ఏజెన్సీ నర్సులకు, ఒత్తిడి తట్టుకోవడం ఎలాగో పాఠాలు చెబుతాను. వరసగా మూడో డ్యూటీ ఒప్పుకోకండి, నిద్ర మానకండి, మనసు బరువెక్కితే ఎవరితోనైనా చెప్పుకోండి అంటాను. ఆ అమ్మాయిలు బుద్ధిగా రాసుకుంటారు. చెప్పేవి శ్రీరంగ నీతులన్న సామెత నాకోసమే పుట్టినట్టుంది.

అప్పట్లో నేనూ ఏజెన్సీ నర్సునే. తెనాలి వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. ఎక్కడ మనుషులు తక్కువైతే అక్కడికి రెండు మూడు వారాలకు పంపేవాళ్లు. బంద్ రోజుల్లో నాకు గిరాకీ ఎక్కువ, ఎందుకంటే బస్సులు లేకపోయినా ఎల్బీనగర్ దాకా నడిచి వెళ్లగలను. కొత్త వార్డు, కొత్త మొహాలు, మందులు ఏ అరలో ఉన్నాయో కూడా తెలియని కంగారు. అలవాటయ్యేలోపు మళ్లీ మూటాముల్లె సర్దుకోవాలి. మొదటి ఏడాది బాత్రూంలో నీళ్లు వదిలి ఏడ్చేదాన్ని. తర్వాత ఒక ఉపాయం దొరికింది. పేషెంట్ల పేర్లు తెలుసుకోవడం మానేశాను, బెడ్ నంబర్లతో సరిపెట్టాను. గుడి బయట చెప్పులు వదిలినట్టు మనసుని గేటు బయట వదిలి లోపలికి పోయేదాన్ని. ఏడుపు ఆగింది. అందరూ నన్ను భలే నిబ్బరం గల పిల్ల అనేవాళ్లు. నేనూ పొంగిపోయాను.

అలాంటి ఒక బంద్ నాడు ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో ఉన్నాను. ముందు రోజు రాత్రి డ్యూటీ. పొద్దున రావలసినామె రాలేదు. మధ్యాహ్నం రావలసినామె కూడా రాలేదు. ఫోన్ చేస్తే, రోడ్లన్నీ ఆపేశారు, ఎట్లాగో సర్దుకోమన్నారు. వార్డంతటికీ నేనూ, ఒక ఆయమ్మా.

ఆరో నంబరు బెడ్‌లో ఆండాలు. ఆ పేరు తర్వాత తెలుసుకున్నాను. సైదాబాద్‌లో జాకెట్లు కుట్టే మనిషి. మెట్ల మీద జారి కాలు విరిగితే ఆ ఉదయమే సిమెంటు కట్టు వేశారు. ఆమె భర్త యాదయ్య ఆటో నడుపుతాడు. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చినవాళ్లు.

కొత్తగా కట్టు వేసిన కాలిని గంటగంటకీ చూడాలి. బయటికి కనిపించే వేళ్లను ముట్టుకుని, వెచ్చగా ఉన్నాయా, రంగు మారిందా, కదిలించగలుగుతున్నారా అని చూసి చార్టులో రాయాలి. లోపల వాపు పెరిగి కట్టు బిగుసుకుపోతే రక్తం ఆడదు. చదువుకునే రోజుల్లో ఇది వల్లె వేసినంతగా ఇంకేదీ వల్లె వెయ్యలేదు.

అయితే మాలో ఒక అలవాటుంది, బయటివాళ్లకు తెలియదు. పని మీద పడ్డప్పుడు చార్టు ముందే నింపేస్తాం. రెండింటికి కూర్చుని రెండు, మూడు, నాలుగు, ఐదు గంటలవి ఒకేసారి రాసేశాను. అన్నీ ఒకేలా ఉంటే అనుమానం వస్తుందని రెండు గళ్లలో పెన్ను మార్చాను కూడా. వేళ్లు వెచ్చగా ఉన్నాయి, కదులుతున్నాయి. అలసటలో చేశానని మీరు జాలిపడకండి. అలసిపోయిన మనిషికి పెన్ను మార్చాలన్న తెలివి ఎక్కడినుంచి వస్తుంది?

మూడు దాటాక యాదయ్య వచ్చాడు. కాలు పగిలిపోతున్నట్టుందట, వేళ్లు మొద్దుబారాయట. కట్టు వేశాక అలాగే ఉంటుంది, సూది మందు ఇచ్చాను కదా, కాసేపు ఆగమన్నాను. ఆరో బెడ్ నా కుర్చీకి పదడుగులు కూడా ఉండదు. లేవలేదు. అతను తలూపి వెళ్లిపోయాడు.

క్యాంటీన్ మూసేశారు. కింద రోడ్డు మీద ఉద్యమం వాళ్లు పొయ్యిలు పెట్టి వంటావార్పూ చేస్తున్నారు. ఆ దారిన పోయేవాళ్లందరికీ పెడుతున్నారు. కాసేపటికి యాదయ్య విస్తరాకులో అన్నం, పప్పు పట్టుకుని మళ్లీ నా దగ్గరికి వచ్చాడు.

"పొద్దట్నుంచి సూస్తున్న, మీరేం తినలే సిస్టర్. తినుండ్రి," అన్నాడు. "తిన్నంక జర ఆమె కాలు సూడుండ్రి. ఓర్సుకోలేక ఏడుస్తున్నది."

తిన్నాను. వేడివేడి అన్నం. ఆకలి మీద అమృతంలా ఉంది. తిన్నాక గోడకు తల ఆనించి కళ్లు మూసుకున్నాను. ఐదు నిమిషాలనుకున్నది గంట దాటింది. లేచి వేరే బెడ్లకు మందులిచ్చాను. ఆమె మూలుగు వినిపిస్తూనే ఉంది. అది మనసు దాకా రాకుండా ఆపడం నాకు బాగా వచ్చు కదా. ఎన్నో నెలలు సాధన చేశాను.

పొద్దున కట్టు వేసి వెళ్లిన డాక్టరు రోడ్లు దాటుకుని మళ్లీ వచ్చేసరికి ఆరున్నర. దుప్పటి తీసి చూశారు. వేళ్లు నల్లబడి, చల్లగా ఉన్నాయి. కట్టు కోసి, ఆదరాబాదరాగా పెద్ద ఆసుపత్రికి పంపారు. అప్పటికే ఆలస్యమైంది. మర్నాడు మోకాలి కింద కాలు తీసేశారు.

ఆమెను పంపే ముందు డాక్టరు అడిగారు, ఇంత నొప్పి ఉంటే ఎవరూ చెప్పలేదా అని. యాదయ్య, కబురు తెలిసి అప్పుడే వచ్చిన ఆండాలు వాళ్ల అన్నయ్య, ఆయమ్మ, అందరూ అక్కడే ఉన్నారు. సిస్టర్‌కు చెప్పిన సార్, రెండుసార్లు చెప్పిన, అన్నాడు యాదయ్య. అందరూ నావైపు చూశారు.

"లేదు సార్, నాకెవరూ చెప్పలేదు," అన్నాను. "ఐదింటికి కూడా బానే ఉంది. ఈయన కింద రోడ్డు మీద వంటల దగ్గరికి వెళ్లారు."

అతను కిందికి వెళ్లింది నిజమే. నాకు అన్నం తేవడానికి వెళ్లాడు.

డాక్టరు చార్టు తెరిచారు. కాగితం మీద ఉన్నదాని ముందు ఆటోవాడి మాట ఎంత? ఆండాలుకు మందు మత్తులో ఏమీ సరిగ్గా తెలియదు, సిస్టర్‌కు చెప్పి వచ్చానని యాదయ్య తనతో అన్నాడని మాత్రం గొణిగింది. ఆమె అన్న యాదయ్య కాలరు పట్టుకున్నాడు. పెండ్లాం మొత్తుకుంటుంటె రోడ్డు మీద బువ్వ తింటున్నవా అని అరిచాడు. యాదయ్య తిరగబడలేదు. నా ముఖంలోకి చూశాడు. నేను ఫైలులోకి చూశాను.

మీకు నిజం చెప్పాలి. ఆంధ్ర నర్సు చేసిందని బయటికి పొక్కితే గొడవైపోతుందని భయపడ్డానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది దొంగ సాకు. ఆ ప్రాంతంలో నన్ను ఒక్క మాట అన్నవాళ్లు లేరు. వాళ్ల అన్నమే తిన్నాను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను, అంతే. ఉద్యమాన్ని మాత్రం రెండు విధాలా వాడుకున్నాను, అతని మీద నింద వెయ్యడానికి ఒకసారి, నా నోరు మూసుకోవడానికి ఇంకోసారి.

నాలుగు రోజుల తర్వాత, ఆండాలు పాత కాగితాల కోసం యాదయ్య మా ఆసుపత్రికి వచ్చాడు. నన్ను వరండాలో ఆపాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నేను జెప్పింది మీకు ఇనవడలేదు గావచ్చు సిస్టర్," అన్నాడు. "పనిల ఉంటిరి. నేనే జర గట్టిగ జెప్పాల్సుండె. తప్పు నాదే."

అప్పుడైనా అనవచ్చు. ఒక్క మాట. వినబడింది యాదయ్యా అంటే చాలు. వరండాలో మేమిద్దరమే ఉన్నాం. బాధపడకండి అన్నాను. ఎంత పెద్దమనిషినో చూడండి, అతన్ని ఓదార్చాను.

తర్వాత ఏజెన్సీ నన్ను వేరే చోటికి మార్చింది. ఆయమ్మ ఒకసారి కనిపించి చెప్పింది, ఆండాలు పుట్టింటివాళ్లు అతన్ని గడప తొక్కనివ్వడం లేదట, ఆమె కూడా కోపమొస్తే ఆ మాటే ఎత్తి పొడుస్తుందట. అతను మారు మాట్లాడడట. ఆ తర్వాత తుర్కయంజాల్ వైపు ఇల్లు మారారని విన్నాను. వెతికితే దొరకనంత దూరమేమీ కాదు. ఎన్నిసార్లో బయల్దేరాలనుకున్నాను. వెళ్లలేదు. వెళ్తానని మీకు మాట కూడా ఇవ్వలేను, నా మాట విలువెంతో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది.

క్షమించమని అడగడం లేదు. క్షమించాల్సింది మీరు కాదు. ఎక్కడా రాయనిది ఇక్కడ రాస్తున్నాను, అంతే, రాస్తుంటే ఊపిరి కాస్త సాఫీగా ఆడుతోంది, అందుకు సిగ్గుగానూ ఉంది. యాదయ్య నాకు చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు. గట్టిగానే చెప్పాడు. నాకు వినబడింది.