మాస్టారి పాటల పుస్తకంలో నా కవర్లు

మా జువాలజీ మాస్టారు పోయారు. కడుపులో పుండు పడి రక్తం కక్కుకున్నారని, ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయిందని వాళ్ళ తమ్ముడు పలాసలోని నా మందుల షాపుకు ఫోన్ చేసి చెప్పాడు. కడుపు గురించి అంత బాగా చెప్పిన మనిషికి ఈ చావేమిటని ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

తొంభైల చివర్లో టెక్కలిలో ఆయన దగ్గర ఇంటర్ చదివాను. జీర్ణాశయం గోడలో ఆమ్లం తయారుచేసే కణాన్ని బోర్డు నిండా గీసి, దాన్ని మైటోకాండ్రియాలతో కిక్కిరిసిపోయేలా నింపేవారు.

"ఆమ్లం ఊరికే వత్తాదేటిరా? నిండిన కుండీలోకి ఇంకా నీళ్ళు తోసినట్టే. ఈ కణం బలమంతా పెట్టి తోత్తే గానీ సుక్క రాదు. ఆ బలం వండిపెట్టేవి ఇవే!"

చాక్‌పీసు పక్కన పెట్టి, తెల్లారగానే కంచిలి బస్సెక్కి వచ్చే మావైపు తిరిగేవారు. "పొద్దున్న తిన్నారేటి?" లేదంటే తన డబ్బా మా ముందుకు తోసేవారు. అందులో ఉప్మా ఎన్నిసార్లు తిన్నానో.

నేను షాపు పెట్టాక ఆయన నొప్పి బిళ్ళలకు వచ్చేవారు. చర్చిలో శుక్రవారం ఉపవాస ప్రార్థనలో గంటల తరబడి మోకాళ్ళ మీద ఉండి కీళ్ళు అరిగాయి. ప్రార్థనకు ముందు ఖాళీ కడుపున ఓ బిళ్ళ వేసుకునేవారు.

"ఉపవాసం సెడిపోదా మాస్టారూ?" అన్నానొకసారి.

"బిళ్ళ అన్నం కాదు కదరా!" అని నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ ఆమ్లం నుంచి కడుపు గోడను కాపాడే జిగురు పొరను ఆ బిళ్ళలే పలచన చేస్తాయి. ఆ సంగతి నాకు తెలుసు. ఆయన్ని తప్ప వచ్చిన ప్రతివాడినీ "తిన్నావా?" అని అడిగేవాణ్ణి. ఆయన్ని డాక్టరు చీటీ కూడా అడగలేదు. కడుపు గురించి మాస్టారికి నేను చెప్పడమా అని నోరు మూసుకున్నాను. దాన్ని మర్యాద అనుకున్నాను. పిరికితనం అది.

సమాధి కార్యక్రమం అయ్యాక అమ్మగారు, మాస్టారి భార్య, ఆయన పాటల పుస్తకం నా చేతికిచ్చారు. "ఈ కవర్లు నీ షాపువే గదా బాబూ? పేజీలకి గుర్తు ఎట్టుకునీవోరు."

పాట పాటకీ బిళ్ళలు వేసిచ్చే చిన్న కాగితం కవరు. అన్నిటి మీదా నా చేతిరాతే: "మాస్టారు గారికి". మిగతా అందరి కవర్ల మీదా "తిన్నాక" అని రాసి, కింద గీత కూడా గీస్తాను. పుస్తకం చివరిదాకా తిప్పాను. ఒక్కదాని మీదా ఆ మాట లేదు.