చెల్లెలి పాట, మనవరాలి బొమ్మ

ఈ ఏడాది మిరపకాయలు కల్లానికి చేరిన కొద్ది రోజులకే నాకు భయం పట్టుకుంది. కాయలు బాగానే ఎండుతున్నాయి, మబ్బు కూడా లేదు. నా భయమంతా మనవరాలి గురించే.

నా కొడుకు కూతురది. నరసరావుపేటలో డిగ్రీ చదువుతోంది. సెలవులకు వచ్చి, కల్లంలో కూలీల పక్కన తాలుకాయలు ఏరడానికి కూర్చుంది. రంగు పోయి తెల్లబడిన కాయలు మంచివాటిలో కలిస్తే మిర్చి యార్డులో ధర కోసేస్తారు. అందుకని ఏరి పక్కన పడేస్తాం. అది పక్కన పడేయలేదు. ముదురెరుపు, లేతెరుపు, నారింజ, తెలుపు అని విడదీసి, కాయలారబోసే పట్టా మీద రెక్క విప్పిన కోడిపుంజును పరిచింది. ఈక ఈకకూ వేరే ఎరుపు. ఇన్నేళ్ళుగా కాయలు ఏరుతున్న నాకు వాటిలో అన్ని ఎరుపులున్నాయని తెలియదు.

"అత్తా, నీ మనవరాలి చేతిలో ఏదో ఉందే!" అంది ఒక కూలీ.

"పని ఎగ్గొట్టే రోగముంది. మీరు కాయలు ఏరండి," అన్నాను గాని, నాకూ కళ్ళు తిప్పుకోబుద్ధి కాలేదు.

మర్నాడు పుంజును చెరిపి ఇంకొకటి వేసింది. తర్వాత బొగ్గుతో గొడ్లచావిడి గోడ నింపింది. కంచంలో అన్నం ఎండిపోతోంది. పక్క వేసింది వేసినట్టే ఉంటోంది. మాట మొదలుపెడితే ఆపదు.

"నిద్ర దండగ నాయనమ్మా. రంగులు నన్ను పిలుస్తుంటే ఎట్టా పడుకునేది?"

నా కొడుకు ఆ బొమ్మలు ఫోన్లో పెట్టి మురిసిపోయాడు. "చూడమ్మా, ఎంతమంది మెచ్చుకుంటున్నారో! మనింట్లో జీనియస్ పుట్టింది."

"అన్నం తిందేమో చూశావంట్రా?"

"అంత తెలివున్నోళ్ళు అట్టానే ఉంటారంట. నువ్వు గమ్మునుండు."

నేను గమ్మునుండలేకపోయాను. ఇదంతా ఒకసారి చూసినదాన్ని. నా చెల్లెలు కలుపు తీస్తూ పాటలు కట్టేది. సాలు మారితే పాట మారేది. పక్క చేలవాళ్ళు గట్టెక్కి వినేవాళ్ళు. ఆ తర్వాత నిద్ర మానేసింది, తిండి మానేసింది, పాడటం మాత్రం మానలేదు. పెద్దవాళ్ళు అమ్మవారు పూనిందన్నారు. పసుపు పూసి పీట మీద కూర్చోబెట్టారు. ఊరంతా వచ్చి, కొబ్బరికాయ కొట్టి, వానలెప్పుడమ్మా, పెళ్ళెప్పుడమ్మా అని అడిగి వెళ్ళేవాళ్ళు. దాన్ని పడుకోమన్నవాళ్ళు ఒక్కరూ లేరు. పాడుతూనే వెళ్ళి సాగర్ కాలవలో దిగింది.

పేటలో మనసు డాక్టరుకు చూపిద్దామన్నాను. కొడుకు ఒప్పుకోలేదు. నేను ముద్ద ముట్టకుండా కూర్చున్నాక కదిలాడు. బస్సులో నా చెవిలో అన్నాడు, "అక్కడ పిన్ని సంగతి ఎత్తబాకమ్మా. వంశంలో ఉందని తెలిస్తే దీన్ని ఎవరు చేసుకుంటారు?"

డాక్టరు చిన్న వయసు ఆడమనిషి. మనవరాలు చెప్పినదంతా ఓపికగా విని, మా వైపు తిరిగి, "మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇలా ఉందా?" అని అడిగింది.

"ఎవరికీ లేదండి," అన్నాడు కొడుకు.

"ఉంది," అన్నాను. చెల్లెలి కథంతా చెప్పాను. కాలవ సంగతి కూడా.

మనవరాలు భయపడుతుందనుకున్నాను. అది చప్పట్లు కొట్టి నవ్వింది. "నాలాంటిది ఇంకొకతె ఉందా! ఇన్నాళ్ళు చెప్పలేదేందే నాయనమ్మా? ఏ కాలవ? ఎక్కడ దిగింది?"

డాక్టరు రాయడం ఆపేసింది.

"తెలివీ ఈ జబ్బూ ఒకటేనా తల్లీ?" అని అడిగాను.

"కాదమ్మా. గొప్పగా గీసేవాళ్ళు చాలామంది కడుపునిండా తిని హాయిగా నిద్రపోతారు. ఈ అమ్మాయికి నిద్ర లేకుండా పోయింది. ముందు అది రావాలి."

"మందులేస్తే బొమ్మలు పోతాయా?" అంది మనవరాలు.

డాక్టరు కుర్చీ దాని వైపు జరుపుకుంది. "కొందరికి కొన్నాళ్ళు మందగిస్తుంది. నీకు ఎలా ఉంటుందో ఇప్పుడే చెప్పలేను."

మందులు మొదలుపెట్టాం. అది నిద్రపోతోంది, పెట్టింది తింటోంది. బొగ్గు ముట్టుకోవడం లేదు. నా కొడుకు నాతో ముభావంగా ఉంటున్నాడు.

నిన్న పొద్దున బిళ్ళ అరచేతిలో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

"ఎరుపంతా ఒకటే ఎరుపైపోయింది నాయనమ్మా. ఈ ఒక్కపూట మానేస్తా."

"మింగు."

"నీ చెల్లెలైతే మింగేదా?"

"దానికి ఇచ్చినోళ్ళు లేరు. మింగు."

మింగింది. నోరు తెరవమన్నాను. నాలుక కింద కూడా వేలు పెట్టి చూశాను. బయటివాళ్ళను చూసినట్టు చూసింది నన్ను. చూడనీ. రేపు కూడా నోరు తెరిపిస్తాను.