విమానం ఎక్కకూడని కన్ను

గుంటూరులో కంటి ఆపరేషన్ అయ్యాక నర్సు నా చేతికి ఆకుపచ్చ పట్టీ కట్టింది. కంట్లో గ్యాస్ ఉంది, విమానం ఎక్కకూడదు అని దాని మీద రాసి ఉంది. నాకు నవ్వొచ్చింది. నరసరావుపేటలో బస్సెక్కడానికే బద్ధకించే మనిషిని, నన్నెవరు విమానం ఎక్కిస్తారమ్మా అన్నాను. ఆమె నవ్వలేదు.

ఊడిన రెటీనాను డాక్టరు అతికించి, అది కదలకుండా లోపల గ్యాస్ బుడగ పెట్టాడు. బుడగ పైకి తేలి రెటీనాను అదిమి పట్టాలంటే వారం రోజులు బోర్లా పడుకోవాలి, తల ఎత్తకూడదు. ఆ సాయంత్రం ఢిల్లీ నుంచి అక్క ఫోన్ చేసింది. అమ్మానాన్న పోయాక ఆమెకు పుట్టిల్లంటే నేనొక్కడినే. "ఏందిరా, బోర్లా పడుకున్నావా? చిన్నప్పుడు కొట్టినా ఒక్కచోట ఉండేవాడివి కాదు. బాగయ్యేదాకా కదలమాక" అంది.

మూడో రోజు పొద్దున బావ ఫోన్. అక్కకు మెదడులో నరం చిట్లింది. "ఇవాళో రేపో అంటున్నారు. వెంటనే బయల్దేరు."

రైలైతే ఒక రోజు పైనే పడుతుంది. విమానమైతే గన్నవరం నుంచి రెండున్నర గంటలు. డాక్టరుకు ఫోన్ చేసి వాదనకు దిగాను. జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, ఊరికే ఒప్పుకుంటానా? "ఇంజన్ల దగ్గర నొక్కిన గాలిని విమానం లోపలికి పంపుతారు కదండీ. ఎక్కువైంది వెనక వాల్వు నుంచి వదులుతారు. లోపల నేల మీద ఉన్నట్టే ఉంటది" అన్నాను.

"ఉండదు మాస్టారూ" అన్నాడాయన. పైన బయటి గాలి చానా పల్చన. లోపల నేల మీదంత ఒత్తిడి పెడితే ఆ తేడాను విమానం ఒళ్ళు ఎక్కువకాలం తట్టుకోలేదు. అందుకని ఆరేడు వేల అడుగుల కొండ మీద ఎంత ఉంటుందో అంతే ఉంచుతారు. అంటే మన కోటప్పకొండలు నాలుగైదు ఒకదాని మీద ఒకటి పెట్టినంత ఎత్తు. "అక్కడ చిప్స్ ప్యాకెట్ ఉబ్బుద్ది. మీ కంట్లో బుడగా ఉబ్బుద్ది. కంటికి సాగే చోటు లేదు. రక్తం ఆగిపోయి, దిగేలోపు చూపు పోద్ది."

ఒత్తిడి తగ్గితే వాయువు పరిమాణం పెరుగుతుంది. ఈ ముక్క ఎంతమంది పిల్లల చేత బట్టీ పట్టించానో. అది ఒక మనిషి ప్రయాణానికి అడ్డం పడుతుందని ఒక్కనాడూ తోచలేదు. పోనీ రైల్లో బోర్లా పడుకుని పోతానన్నాను. అంతసేపు తల ఎత్తకుండా ఎట్లా పోతారు, అతికించింది మళ్ళీ ఊడుద్ది అన్నాడు.

మధ్యాహ్నానికి అక్క పోయింది.

భర్త ఉండగా పోయిన ఆడమనిషికి పుట్టింటి చీర కప్పి పంపాలి. చీర తీసుకుని నా భార్య బయల్దేరింది. విమానం ఎక్కడం ఆమెకు అదే మొదలు, అదీ ఒక్కతే. గుమ్మం దాటబోయి వెనక్కి వచ్చి, "ఒకసారి పట్టుకోండి, మీరిచ్చినట్టు ఉంటది" అని చీర నా చేతుల్లో పెట్టింది. తల వంచుకునే పట్టుకుని ఇచ్చేశాను.

నిజం చెబుతాను. నా రెండో కన్ను శుభ్రంగా పనిచేస్తుంది. ఒకటి పోయినా అక్కను చూడటానికి ఇంకొకటి మిగిలేది. ఈ మాట నాతో ఎవరూ అనలేదు. బావ కూడా ఫోన్లో "రాకపోవడమే మంచిదైందిలే" అన్నాడు. ఎవరైనా తిడితే బాగుండుననిపించింది.

మర్నాడు పొద్దున నా భార్య వీడియో కాల్ చేసింది. మంచం అంచు దాటించి మొహం కిందికి పెట్టి, ఫోన్ గచ్చు మీద పెట్టుకుని చూశాను. అక్క మొహానికి పసుపు రాశారు. నా భార్య ఫోన్ ఎవరికో ఇచ్చి చీర మడత విప్పుతోంది.

ఏడుపు ఆగలేదు. కూర్చుని ఏడిస్తే కన్నీళ్ళు చెంపల మీద జారతాయి. బోర్లా ఉన్నవాడివి సూటిగా కిందే పడతాయి. నాలుగు చుక్కలు స్క్రీన్ మీద పడి, ఏది నొక్కుకుపోయిందో ఏమో, కాల్ కట్టయింది. చొక్కాతో తుడిచి నొక్కితే తడికి వేలు పట్టలేదు. మళ్ళీ కలిసేసరికి అక్కను తీసుకెళ్ళిపోయారు. వాకిలి ఖాళీగా ఉంది.

"చూశారా అండీ?" అని అడిగింది నా భార్య.

చూశానన్నాను.