పిల్లిని కక్కిన చేప

తెర మీద బొమ్మ కదిలితే చాలు, నోరు వెళ్ళబెట్టి చూసే కాలం అది. ముమ్మిడివరం బళ్ళో లెక్కలు చెప్పే ఉద్యోగం వచ్చాక కూడా నాకా పిచ్చి వదల్లేదు. అసలు సినిమాకి ముందు వేసే పాత కార్టూను కోసమే టిక్కెట్టు కొనేవాణ్ణి (అది అయిపోయాక హాయిగా నిద్రపోయేవాణ్ణి). మూతపడ్డ హాలు ఆపరేటరొకాయన అలాంటి రీలొకటి నా చేతిలో పెట్టి, "మీలాంటి పిచ్చోళ్ళ దగ్గరుంటేనే దీనికి ఆయుస్సండీ" అన్నాడు.

రీలుంది సరే, వెయ్యడానికి మిషనేదీ? ఊళ్ళో ఉన్నదల్లా చర్చిలో భక్తి సినిమాలు వేసే ప్రొజెక్టరు. కాళ్ళావేళ్ళా పడితే పాస్టరు గారు, "ఆదివారం సాయంత్రం అందరి ముందూ వెయ్యండి మేష్టారూ. అందులో దేవుడి మాట లేకపోతే మాత్రం రీలు కాలవలోకే, ఆయ్" అన్నారు. అందులో ఉన్నది టోపీ పెట్టుకున్న ఒక దొంగపిల్లి. అది చేపలు పట్టబోతే పెద్ద చేపే దాన్ని గుటుక్కున మింగేస్తుంది. అంతే కథ! దేవుణ్ణి ఎక్కణ్ణుంచి తేను?

ఆదివారం మధ్యాహ్నం ఒకసారి వేసి చూసుకుని, చివరికొచ్చాక వెనక్కి చుడదామని మీట వెనక్కి తిప్పాను. సరిగ్గా అప్పుడే పాస్టరు గారి అమ్మాయి వచ్చి, "అమ్మ భోజనానికి రమ్మంటోందండీ" అంది. చేపల పులుసు వాసనకి రీలూ మీటా అన్నీ మర్చిపోయాను (పులుసు వాసనకే అనుకుందాం).

సాయంత్రం చర్చి కిటకిటలాడిపోయింది. ముందు వరసంతా సముద్రం మీద వేటకెళ్ళేవాళ్ళు. స్విచ్చి నొక్కాను. తెర మీద చేప నోరు తెరిచింది. లోపల్నుంచి పిల్లి బయటపడి, టోపీ చెక్కుచెదరకుండా ఒడ్డున వాలి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ ఇంటికి పోయింది. ఇంకేముంది, రీలు కాలవపాలే అనుకున్నాను.

ముందు వరసలో ఒక పెద్దాయన లేచి, "యోనా అండీ! చేప కక్కేసిందండీ!" అని కేకేశాడు (బైబిల్లో పెద్ద చేప మింగి, మూడో రోజున ఒడ్డున కక్కేసిన ప్రవక్త యోనా). చర్చంతా స్తోత్రాలు! పాస్టరు గారు కళ్ళు తుడుచుకుంటూ, "ఎంత బాగా తీసేరండీ!" అన్నారు.

"మరి పిల్లేంటండీ?" అని వెనకనుంచి ఎవడో అడిగాడు.

"పిల్లలకి అర్థమవ్వాలని అలా పెట్టేరు. కూర్చో!" అని పాస్టరు గారే కసిరారు.

ఆ తర్వాత రీలు చుట్టుపక్కల చర్చిలన్నీ తిరిగింది, ఎప్పుడూ వెనక్కే.

మొన్న నాలాగే పాత రీళ్ళు పోగేసే మిత్రులొస్తే, ఇన్నేళ్ళకి దాన్ని తిన్నగా వేశాను. చేప పిల్లిని మింగేసింది. వాళ్ళు ఆహా ఓహో అన్నారు. కాఫీలు తెచ్చిన మా ఆవిడ (అదే, ఆ రోజు భోజనానికి పిలిచినావిడే) గుమ్మంలోనే ఆగిపోయి, "అయ్యో, అదేంటండీ! నాన్నగారి యోనాని చంపేసేరు!" అంది.

రీలు చుట్టాలన్న వంకతో మీట వెనక్కి తిప్పాను. ప్రొజెక్టరు దీపం మాత్రం ఆర్పలేదు. పిల్లి క్షేమంగా ఇంటికి చేరేదాకా ఆవిడ అలాగే నిలబడి చూసింది. కాఫీలు చల్లారిపోయాయి.