గవాక్షి మూసేవారు

ఇది ఒక మహాగాథ. ఇందులో తుంగభద్ర ఉంది, నూరేళ్ళ ఇల్లు ఉంది, ఆకాశం నుంచి నేరుగా నేల మీద పడే వెలుగు ఉంది.

ఇలా మొదలుపెట్టి నడిపిద్దామని చాలా ప్రయత్నించాను. నడవలేదు. జరిగింది ఇంతే: మా ఇంటి పైకప్పులో ఒక కన్నం ఉండేది. వాన వచ్చే ముందు ఎవరో దాన్ని మూసేవారు. ఎవరో ఈరోజుకీ తెలియదు.

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. మాది పాత మిషను సంఘం. మా ముత్తాతల కాలంలోనే దయ్యాలన్నిటినీ వదిలించుకుని సాతాను ఒక్కడినే ఉంచుకున్నాం. ఆయన కూడా ఆదివారం ప్రసంగంలో కనిపించడమే తప్ప ఇంటికి వచ్చే రకం కాదు.

తుంగభద్ర ఒడ్డున కంప్లిలో మేము అద్దె ఇళ్ళల్లోనే పెరిగాం. నాన్న పోయాక అమ్మ బడిలో వంట చేసి మమ్మల్ని పెంచింది. నేను రైస్‌మిల్లులో లారీల తూకం చూస్తాను. అక్కను రూపనగుడికి ఇచ్చాం. మొన్నటి ఏడాది అక్కకు నెల తప్పింది. మొదటి కాన్పు పుట్టింటిది. బిడ్డ ఆసుపత్రిలోనే పుడుతుంది గానీ, ఆ తర్వాత నెలల తరబడి తల్లీబిడ్డలు ఉండాల్సింది మా దగ్గరే. మా ఇంటి ఓనరు మాత్రం పురుడు తన ఇంట్లో వద్దన్నాడు. ఇంట్లో చావు జరగకూడదనే ఓనర్లను చూశాం. పుట్టుక కూడా వద్దన్నది ఈయనే.

ఆ సాయంత్రమే అమ్మ, ఇల్లు కొంటున్నామని చెప్పింది. అడగలేదు, చెప్పింది.

మా తాహతుకు దొరికింది పాత పేటలో ఒక మట్టి మిద్దె. రాతి గోడలు, టేకు దూలాలు, వాటి మీద కట్టెలు పరిచి మెత్తిన మట్టి. మధ్యగదికి కిటికీ లేదు. దాని బదులు కప్పులో మూరెడు వెడల్పున గవాక్షి ఉంది. ఎండ పూట దాన్లోంచి గుండ్రటి వెలుగు నేల మీద పడుతుంది. వాన వస్తే ఒకరు పైకెక్కి, పక్కనే ఉండే నల్లబండను దాని మీదికి జరపాలి. వాన వెలిశాక మళ్ళీ ఎక్కి తీయాలి. ఈ ఏర్పాటు కనిపెట్టినవాడి ఇంట్లో పనిలేని మనుషులు చాలామంది ఉండి ఉంటారు.

కప్పు మొత్తం పీకి స్లాబు వేద్దామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. ఇంటి ఆడపిల్ల కడుపుతో ఉన్నప్పుడు ఆ ఇంటి కప్పు విప్పకూడదట. "మనకు ఇట్లాంటి పట్టింపులు ఉండవు కదమ్మా" అన్నాను. "మనకు లేవు. సూసేవాళ్ళకు ఉంటాయి కదా" అంది. అందుకని వంటిల్లు, బాత్‌రూము, ముందుగది కొత్తగా చేయించి, మధ్యగదిని మాత్రం అలాగే ఉంచాలనుకున్నాం. అక్క ఉండబోయేది సరిగ్గా ఆ గదిలోనే.

మరమ్మతు గురించి ఎక్కువ చెప్పను. చేయించినవాళ్ళకు తెలుసు, చేయించనివాళ్ళు నమ్మరు. మా మేస్త్రి పేరు హులిగప్ప. మంచివాడు. వచ్చిన రోజు బాగా పనిచేస్తాడు. రాని రోజు ఫోను బాగా మాట్లాడతాడు. ప్లంబరు పైపులు బిగించి కుళాయిలు మరిచిపోయాడు. ఎలక్ట్రీషియన్ స్విచ్చులు పెట్టి వాటికి వైర్లు తర్వాత చూద్దామన్నాడు. నేను మిల్లులో దుమ్ము తిని ఇంటికొచ్చి సిమెంటు తినేవాణ్ణి.

మొదటిసారి అది జరిగింది ఎండాకాలం చివర. నేను మిల్లులో, అమ్మ అద్దె ఇంట్లో ఉండగా మబ్బు పట్టింది. అమ్మా నేనూ పరిగెత్తుకుంటూ కొత్త ఇంటికి వచ్చేసరికి కుండపోత. లోపల సిమెంటు మూటలు మధ్యగదిలోనే ఉన్నాయి. తలుపు తీస్తే ఒక్క చుక్క కూడా పడలేదు. గవాక్షి మూసి ఉంది. ఆ రోజు మేస్త్రి సగంలో వెళ్ళిపోయాడని తిట్టుకుంటూ వచ్చిన అమ్మ, పోతూపోతూ బండ జరిపి పోయాడని పొంగిపోయింది. మరుసటి రోజు ఆయనకు కోడికూర పెట్టింది.

ఆ తర్వాత వాన వచ్చినప్పుడల్లా ఇదే వరస. మేము వెళ్ళేలోపే బండ జరిగి ఉండేది, మేస్త్రికి కూర దక్కేది. కూలి పెంచమని అడగడం కూడా మానేశాడు.

ఒకరోజు ఆయనే అన్నాడు, "మీ అమ్మది శానా జాగ్రత్తప్పా. మబ్బు పట్టేలోపలే మిద్దెక్కి మూసేస్తాది. ఈ వయసులో ఎట్ల ఎక్కుతాదో ఏమో."

అమ్మ పక్కనే ఉంది. "నేనెక్కడ ఎక్కినా? నువ్వు కదా మూసేది?"

"నేనా? నేను యాల మూస్తానమ్మా? నాకు ఎవురు చెప్పినారు?"

"మరి కూర యాల తింటివి ఇన్నాళ్ళూ?"

"పెట్టినారు, తిన్నా. కూర పెడితే యాలని అడుగుతారా ఎవురైనా?"

అక్కడికి ఆ విషయం ఆగిపోయింది. కూర కూడా ఆగిపోయింది.

నేను ముందు అనుమానించింది కోతులను. మా ఊరికి నది అవతల నుంచి గుంపులుగా వస్తాయి. కానీ కోతి పీకే రకం, మూసే రకం కాదు. పైగా ఆ బండను జరపాలంటే నాకే రెండు చేతులూ కావాలి, ఒక బూతు మాట కూడా కావాలి. పొరుగువాళ్ళా అంటే, ఒకవైపు ఇల్లు ఎప్పుడో కూలిపోయింది. రెండోవైపు కొత్తగా కట్టిన మేడ, దాని గోడ నిలువునా పైకి పోయింది, కిటికీ కూడా లేదు. మా మిద్దెకు మెట్లు లేవు, ఉన్నది ఒకే నిచ్చెన.

ఆ నిచ్చెన సంగతి ఒకటి చెప్పాలి. ఒక ఆదివారం మధ్యాహ్నం దాన్ని ముందుగదిలో వేసుకుని, ఎలక్ట్రీషియన్ దాని మీద నిలబడి ఫ్యాను బిగిస్తున్నాడు. కింద దాన్ని పట్టుకున్నది నేను. మధ్యగదిలో వెలుగు మెల్లగా తగ్గింది. కాసేపటికి వాన మొదలైంది, ఆ గదిలో చుక్క పడలేదు. ఎలక్ట్రీషియన్ ఏమీ గమనించలేదు. నేను ఏమీ చెప్పలేదు. చెబితే ఫ్యాను కూడా సగంలో వదిలి పోయేవాడు.

ఇంకొకటి. వానాకాలం ముందు అమ్మ పట్టుబట్టి మిద్దె మీద చౌడుమట్టి పరిపించింది. మట్టి మిద్దెలకు ఇది మామూలే, కురవకుండా ఏటా కొత్త మన్ను పరుస్తారు. పరిచి తడిపి అణిచాక అది ముఖానికి పౌడరు రాసినట్టు నున్నగా ఉంటుంది. పిట్ట నడిచినా అచ్చు పడుతుంది. ఆ సాయంత్రమే జల్లు వచ్చింది, నేను పైకెక్కి చూశాను. గవాక్షి మూసి ఉంది. అడుగులు ఒక్కటీ లేవు. బండ జరిగిన చార మాత్రం ఉంది. ఆ మన్ను మీద నావే మొదటి అడుగులు.

అప్పుడు నాకు వణుకు పుట్టిందని రాస్తే బాగుంటుంది. నిజం చెప్పాలంటే నీరసం వచ్చింది. ఇంటికి ఇంకో సమస్య అనుకున్నాను. మూసేవాళ్ళు మూసి పోతారు, తెరవరు. తెరవడానికి ప్రతిసారీ నేనే ఎక్కాలి. మా ఇంట్లో పని సగం చేసి పోయేవాళ్ళు అప్పటికే చాలామంది ఉన్నారు.

ఇల్లు అమ్మినాయనకు ఫోను చేసి, ఆ ఇంట్లో ఎవరైనా చనిపోయారా అని అడిగాను. "నూరేండ్ల ఇల్లప్పా అది. ఎవురూ సావకుండా ఎట్లుంటారు?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ఇల్లు వాపసు తీసుకునేది మాత్రం లేదన్నాడు.

పాస్టరుగారికి చెబుదామా అన్నాను. అమ్మ వద్దంది. ఆయనకు చెబితే ప్రార్థన పెడతారు. ప్రార్థన పెడితే సంఘానికి తెలుస్తుంది. సంఘానికి తెలిస్తే రూపనగుడికి తెలుస్తుంది, అక్కడి సంఘంవాళ్ళూ ఇక్కడివాళ్ళూ చుట్టాలే. అక్క అత్త ఎస్తేరమ్మ చెవిన పడితే కోడలిని పంపదు. అక్కకు అక్కడ ముందే ఊపిరాడదు. నలుగురు మగవాళ్ళకు వండిపెట్టే ఇల్లు, పురుటికి విడిగా గది కూడా లేదు. "నేను వచ్చేస్తానమ్మా, ఇల్లు ఎట్లున్నా సరే" అని రోజూ ఫోను చేసేది. అక్క కోసమే ఇల్లు కొన్నది. అందుకని నోరు మూసుకున్నాం. గవాక్షి సంగతి గవాక్షే చూసుకుంది.

ఏడో నెలలో ఎస్తేరమ్మే అక్కను వెంటబెట్టుకుని బస్సులో వచ్చింది. ఇల్లు చూసి, నచ్చితే వదిలిపోతానని, లేకపోతే సాయంత్రం బస్సుకు ఇద్దరూ వెనక్కి పోతామని ముందే చెప్పింది. మధ్యగదిలో మంచం మీద కూర్చుంది. అక్క బట్టల సంచీ తన రెండు పాదాల మధ్య పెట్టుకుని ఒక పట్టీ పట్టుకుంది. అక్క ఆ సంచీ వైపే చూస్తూ ఉంది.

వంటిల్లు బాగుందంది. బాత్‌రూములో జారుతుందంది. గదికి కిటికీ లేదని తల తిప్పింది. అమ్మ చాయ్ ఇచ్చింది. ఎస్తేరమ్మ గ్లాసు అందుకుంటున్నప్పుడు పైన రాయి గరగరమంది.

వెలుగులో కొంచెం దుమ్ము రాలింది. నేల మీది గుండ్రటి ఎండ అర్ధచంద్రం అయింది, తర్వాత గోరంత అయింది, తర్వాత లేదు. గది చీకటైంది. ఇన్నాళ్ళూ మూసి ఉన్నది చూశాను గానీ, మూస్తుండగా అంత దగ్గరగా, చప్పుడుతో సహా చూడడం అదే మొదలు.  దాన్ని గురించి జోకు వేయడానికి నాకు ఇప్పటికీ ఏమీ తోచలేదు.

"ఎవురప్పా మిద్దె మీద?" అంది ఎస్తేరమ్మ.

"మేస్త్రి, అత్తా" అన్నాను.

అంతలో వీధి తలుపు తోసుకుని హులిగప్ప లోపలికి వచ్చాడు. "అమ్మా, వానొస్తాండాది. మిద్దె మూసినారా ల్యాదా?"

 ఎస్తేరమ్మ మేస్త్రిని చూసింది, నన్ను చూసింది, కప్పు వైపు చూసింది. నేను లైటు వేశాను.  పైన దబదబా వాన మొదలైంది. లోపల ఒక్క చుక్క లేదు. అక్క మెల్లగా చెయ్యి చాచి సంచీ పట్టీ పట్టుకుంది. రెండో పట్టీ అత్త చేతిలోనే ఉంది.

హులిగప్పకు ఏదో అర్థమైనట్టుంది. "హౌదా... అట్లనా, నేను మళ్ళా వస్తాలే" అని వానలోనే వెళ్ళిపోయాడు.

ఎస్తేరమ్మ చాయ్ మొత్తం తాగింది. తాగి గ్లాసు కింద పెట్టి అంది, "మా ఇంట్లో నలుగురు మగోళ్ళు ఉండారు. వానొస్తే మిద్దె ఎక్కేది నేనే, ఈ మోకాళ్ళతో. ముప్పై ఏండ్ల నుంచి ఎక్కుతాండా. ఒక్కడన్నా లేసి, అమ్మా నువ్వు కూర్చో అన్న పాపాన పోల్యా."

అమ్మ ఖాళీ గ్లాసు తీసుకుంది.

"ఈడ ఎవురో ఒకరు, చెప్పకుండానే ఎక్కి మూస్తాండారు కదా" అంది ఎస్తేరమ్మ. "పురుటాలికి ఇంకేం కావాల?" సంచీ పట్టీ వదిలేసింది.

వాన తగ్గాక ఆమెను బస్టాండుకు తీసుకుపోవడానికి బండి తీశాను. గుమ్మం దగ్గర ఆమె అమ్మ చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది. "వదినా, మీకు తెలిసినోళ్ళేనా?"

"తెలీదు వదినా. ఎవురో ఏమో."

"పోనీలే. మర్యాదస్తుల మాదిరే ఉండారు."

బండి మీద దారంతా ఆమె ఆ విషయం ఎత్తలేదు. బాత్‌రూములో గరుకు బండలు వేయించమని మాత్రం రెండుసార్లు చెప్పింది.

అక్కకు ఆడపిల్ల పుట్టింది. మిగిలిన వానాకాలమంతా, ఆ తర్వాత కూడా, పాపకు ఆ గదిలోనే స్నానం, ఆ వెలుగులోనే నిద్ర. మబ్బు పట్టినప్పుడల్లా గవాక్షి మూసుకుపోయేది. ఎండ వచ్చాక నేను ఎక్కి తెరిచేవాణ్ణి. ఒకసారి నాకు జ్వరం. అమ్మ వాకిట్లో నిలబడి పైకి చూస్తూ గట్టిగా, "మూసినోళ్ళు తెరిసిపోతే ఏమప్పా?" అని కేకేసింది. ప్రయోజనం లేకపోయింది. జ్వరంతోనే ఎక్కాను.

పాపకు ఐదో నెల వచ్చాక అక్క దాన్ని తీసుకుని రూపనగుడికి వెళ్ళింది. ఆ వారంలోనే అకాల వాన వచ్చింది. అమ్మా నేనూ మధ్యగదిలోనే ఉన్నాం. అలవాటుగా పైకి చూస్తూ కూర్చున్నాం. వెలుగు తగ్గలేదు. వాన నేరుగా లోపలికి పడింది, మంచం తడిసింది. మాకోసం ఎక్కేంత ఓపిక లేదేమో అనుకున్నాను. పోనీ పాప కోసమే మూసేవారు అనుకుందామంటే, పాపా అక్కా ఆ ఇంట్లో అడుగు పెట్టక ముందు సిమెంటు మూటల కోసం కూడా మూశారు కదా. ఏ వైపు నుంచి ఆలోచించినా ఒక చోట ఆగిపోతుంది.

అమ్మ గిన్నె తెచ్చి పెట్టింది. "అలిసిపోయి ఉంటారులే" అంది. ఎవరని నేను అడగలేదు.

నేను దీన్ని నమ్ముతున్నానా అంటే, లేదు. మరి ఎవరు మూశారంటే, చెప్పలేను. ఈ రెండూ ఒకే మనిషి ఎలా అంటాడని అడగకండి. నేను తూకం వేసేవాణ్ణి. ముల్లు నిలబడకపోతే లారీని పక్కకు పెట్టి తర్వాతిది పిలుస్తాను.

పోయిన వారం మధ్యగది కప్పు విప్పి స్లాబు వేశాం. గవాక్షి పెట్టలేదు. స్లాబు బిగిసేదాకా రోజూ పొద్దునా సాయంత్రం తడపాలి, ఎక్కేది మళ్ళీ నేనే. మా వీధికి కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి.