మాస్టారి రెండు వేళ్లు

మా పీఈటీ మాస్టారు పోయారు. మొన్న గురువారం తెల్లవారుజామున జగ్గయ్యపేటలో సైకిలెక్కి నందిగామ వైపు బయల్దేరారు. అంబారుపేట దగ్గర సైకిల్ దిగి, దాన్ని కిలోమీటరు రాయికి ఆనించి, పక్కనే కూర్చున్నారట. అలుపు తీర్చుకుంటున్నాడేమో పెద్దాయన అనుకుని చాలామంది పక్కనుంచే వెళ్లిపోయారు. ఒంటి మీద గీత కూడా లేదు. ఆ హైవే మీద ఎప్పటికైనా లారీయే సైకిళ్లు తొక్కే మా ఇద్దర్నీ మింగుతుందని ఊరంతా భయపెట్టేది. ఆయన్ని తీసుకుపోయింది మాత్రం లారీ కాదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, మిరపకోతకు వెళ్లిన మా అమ్మకు క్యారేజీ ఇచ్చి బెల్లు కొట్టేలోపు బడికి చేరాలని సైకిల్ తొక్కుతుంటే ఆయన కంట్లో పడ్డాను. మర్నాడే ఎక్కడినుంచో ఒక పాత రేసు సైకిల్ తెచ్చి, సీటు నా ఎత్తుకు దించి ఇచ్చారు. అప్పట్నుంచి రోజూ సిమెంటు లారీలు ఎక్కువయ్యేలోపు నందిగామ దాకా వెళ్లి రావడం. ముందు నేను, కాస్త వెనకగా కుడిపక్కన ఆయన. అంటే లారీలకీ నాకూ మధ్య ఆయన ఉండేవారు. నేను భయపడి వెనక్కి తిరిగితే కేకేసేవారు.

"ముందు చూడమ్మాయ్! వెనక సంగతి నేను వింటాగా."

సైకిలెక్కే ముందు ఒక పని తప్పనిసరి. నా దవడ కింద మెడమీద రెండు వేళ్లు పెట్టి, వాచీ చూస్తూ నాడి లెక్కపెట్టేవారు. ఆ అంకె ఒక నోటుబుక్కులో రాసేవారు. ఒకరోజు నేనూ ఆయన మెడమీద చెయ్యి వేయబోతే చటుక్కున తోసేశారు. "నాదెందుకు, నేనేమన్నా రేసు కొట్టాలా?" అని నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడు నవ్వకుండా ఉండాల్సింది.

ఆ బుక్కులో ఏదో పత్రికలోంచి కత్తిరించిన బొమ్మ ఒకటుండేది. స్పెయిన్ దేశపు సైకిల్ రేసరు, కొండ మీద గెలుపు గీత దాటుతూ రెండు చేతులూ పైకెత్తాడు. చిల్లకల్లులో టీ తాగడానికి ఆగినప్పుడల్లా అతని కథ ముక్కలు ముక్కలుగా చెప్పేవారు. తోటలు కాసేవాళ్ల ఇంట్లో పుట్టాడు. జీతానికి పెద్ద జట్టులో చేరాడు. ఎనిమిదేళ్లపాటు నాయకుడికి నీళ్ల సీసాలు అందించడం, ఎదురుగాలిలో ముందుండి అతనికి అడ్డం కాయడం, ఇదే ఉద్యోగం. ఒకరోజు కొండ ఎక్కుతుంటే నాయకుడి కాళ్లలో సత్తువ అయిపోయింది. "నువ్వు పో" అన్నాడు. వీడు పోయాడు. గెలిచాడు.

"తర్వాతేమైంది మాస్టారూ?"

"ఇవాల్టికి చాలు, పద."

ఎన్నిసార్లు అడిగినా కొండ మీదకు వచ్చేసరికి గ్లాసు కింద పెట్టి లేచేవారు. తర్వాత ఇంకా చాలా గెలిచి ఉంటాడని నేనే ఊహించుకుని, ఆ గెలుపులన్నీ నావే అనుకుంటూ తొక్కేదాన్ని.

రాష్ట్ర జట్టు సెలక్షన్లకు వారం ఉందనగా, ఒక పొద్దున ఆ రెండు వేళ్లు నా మెడమీద మామూలు కంటే ఎక్కువసేపు ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టారు. మళ్లీ. బుక్కులో ఏమీ రాయకుండా మూసేశారు.

"ఇవాళ తొక్కొద్దమ్మా. కూర్చో. వాడి కథలో మిగతాది చెప్తా."

గెలిచిన మరుసటి ఏడు ఆ రేసరు గుండె లయ తప్పిందట. ఇంకో కొండ ఎక్కితే ప్రాణానికి హామీ లేదన్నారట డాక్టర్లు. ముప్పై ఒకటో ఏట సైకిల్ దిగేశాడు. ఇప్పుడు ఊళ్లో కూతుర్ని బడికి నడిపించుకెళ్తున్నాడట.

"ఇదేనా చివరికి? పిరికోడు!" అన్నాను.

"బతికున్నోడు," అన్నారు మాస్టారు.

విజయవాడలో డాక్టరుకి చూపించారు. మాస్టారి వేళ్లు చెప్పిందే డాక్టరూ చెప్పాడు, నా గుండె లయా తప్పుతోందని. నా రేసులు అయిపోయాయి. నా కోపమంతా మాస్టారి మీదకే మళ్లింది. రెండేళ్లు, ఆయన ఎదురైతే రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్లిపోయేదాన్ని. తర్వాత కోపం పోయింది గానీ సిగ్గు మిగిలింది. ఇవాళ నందిగామలో నేనూ డ్రిల్లు టీచర్ని. బతికుండి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ రెండు వేళ్ల చలవే. ఆ మాట ఆయనకు ఒక్కసారి కూడా చెప్పలేదు. రేపు చెప్పొచ్చులే అనుకున్నాను.

గురువారం వాళ్లింటికి వెళ్లాను. మాస్టారి భార్య నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"నీకు చూపించిన రోజే ఆయనా చూపించుకున్నారమ్మా. ఆయనకీ అదే జబ్బంట. సైకిల్ మానమన్నాడు డాక్టరు."

"మరి మాన్పించలేదా అండీ?"

"నా మాట వింటేగా. 'ఆ స్పెయిన్ వాడు దిగాడు గానీ, నేను దిగలేను' అనేవారు. నీ చేత మాత్రం మాన్పించారు. నువ్వు మాట్లాడకపోయినా, బతికుందిలే, చాలు అనేవారు."

నాకు ఏడుపు ఆగలేదు. వచ్చేటప్పుడు ఆమె ఆయన వాచీ నా చేతిలో పెట్టారు.

నిన్న పొద్దున స్కూటీ మీద వెళ్లి ఆ కిలోమీటరు రాయి దగ్గర ఆగాను. సైకిల్ ఆనిన చోట తెల్లటి సున్నం మీద సన్నగా నల్లని గీత ఉంది. వాచీ చూస్తూ, దవడ కింద రెండు వేళ్లు పెట్టుకున్నాను. ఒకటి. రెండు. మూడు. నాలుగు. వెనకనుంచి లారీ వస్తున్న చప్పుడు. నేను తిరగలేదు. వెనక సంగతి వినేవాళ్లిప్పుడు లేకపోయినా. మెడమీద వేళ్లు అలాగే పెట్టుకుని, ఆలస్యమవుతున్న ఐదో దెబ్బ కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను.